నల్లగుట్టపల్లె పదకొండు బోర్లు, ఒక్క ఫోను నంబరు

ఎర్రగుంట్ల టీ బంకుల దగ్గర ఇప్పుడు రెండు కథలు తిరుగుతున్నాయి. ఉమామహేశ్వర రెడ్డి మోటార్ల కంపెనీలో ఫోన్లు ఎత్తే మధులతను కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి బయటికి నెట్టేసిందనేది ఒకటి. కాదు కాదు, ఆమే దాని మీద కసితో ఏదో కెలికి పాడుచేసింది, అందుకే రెడ్డి ఆమెను ఎండలో పల్లెలెంబడి తిప్పుతున్నాడనేది ఇంకొకటి. రెండోది చెప్పేవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు. గొంతు తగ్గించి చెప్పే మాటకు మనవాళ్ల దగ్గర విలువెక్కువ కదా, అదే బాగా పాకింది.

రెండూ తప్పే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏరి తెచ్చింది మధులతే. మూడింటిని చూసి, నెలరోజులు ఆలోచించి, ఇదే కావాలని చెప్పింది ఆమే. జరిగిందేమిటో తెలియాలంటే ముందు ఆ మనిషి ఎలాంటిదో తెలియాలి.

మధులతది ప్రొద్దుటూరులో నేతపని చేసే ఇల్లు. నాలుగు మగ్గాలు ఒకే వసారాలో టకటకమంటుంటే పెరిగింది. ఆ చప్పుడులో అరిచి ప్రయోజనం లేదు, అందరూ మామూలుగానే మాట్లాడతారు, వినేవాళ్లే చెవి పెట్టి వినాలి. అలా వినీ వినీ ఆమె చెవులు వేరేగా తయారయ్యాయి. పంతొమ్మిదేళ్లకు ఎర్రగుంట్ల స్టేషన్ ఎదురుగా ఎస్టీడీ బూత్‌లో పనికి కుదిరింది. బూత్‌లు మూతపడే రోజుల్లో ఉమామహేశ్వర రెడ్డి ఆమెను తన అంగడికి పిలిచాడు. అప్పుడు ఆయనకున్నది ఒకటే అంగడి. బోరు మోటార్లు అమ్మడం, కాలిపోతే మనిషిని పంపి బాగుచేయించడం. మొగుడు సిమెంటు లారీ మీద నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు, పిల్లలు లేరు. ఆ ఫోనే ఆమెకు సంసారం అయిందని ఎగతాళి చేసేవాళ్లు కూడా ఉన్నారు.

పదహారేళ్లు ఫోను ఎత్తింది. "హలో" అనగానే మనిషిని పట్టేసేది.

"ఏం మామా, చింతమాను చేను బోరా, గుట్టకింది బోరా?" అనేది, అవతలివాడు పేరు చెప్పకముందే.

"నేనని యెట్ల తెలిసె పాపా?"

"దగ్గు నీదే గదా."

ఆమె దగ్గర ఒక పొడవాటి నోట్‌బుక్కు ఉండేది. అందులో ఊరు, మనిషి, చేను పేరు, బోరు లోతు రాసేది. ఫోను నంబరు మాత్రం ఒక్క పేజీలో కూడా లేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు, ఆమెకు కూడా.

రెడ్డి వ్యాపారం పెరిగింది. పులివెందుల వైపు ఒకటి, నంద్యాల వైపు ఒకటి తెరిచాడు. పోయిన ఏడాది ఓర్వకల్లు దగ్గర, విమానాలు దిగే చోటికి కాస్త ఇవతల, కొత్త షెడ్డు వేశాడు. దాంతో ఫోన్లు ముప్పూటలా మోగుతూనే ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లల్ని కొత్తగా పెట్టుకున్నా సగం కాల్స్ ఎవరూ ఎత్తకుండానే ఆగిపోతున్నాయి. రెడ్డి ఒకరోజు మధులతను తన గదిలోకి పిలిచాడు.

"బెంగుళూరోళ్లు, హైదరాబాదోళ్లు సాఫ్ట్‌వేర్లు అమ్ముతాండారంట. ఫోన్లన్నీ ఒకచోటికి వస్తాయంట, యెవరు ఖాళీగా ఉంటే వాళ్లకు పోతాయంట. మూడు కంపెనీలోళ్లు వస్తాండారు. నువ్వు చూసి చెప్పు, ఏది తీసుకోవల్లో."

"నేనా అన్నా? నాకేం తెలుసు కంప్యూటర్ల సంగతి?"

"కంప్యూటర్ సంగతి వాళ్లు చెప్తారు. ఫోన్ సంగతి నీకు తప్ప యెవరికి తెలుసు?"

ఆ రాత్రి ఆమె సరిగా తినలేదు. పదో తరగతి దాటని మనిషి. పెళ్లిచూపుల్లో కూడా ఆమెను ఎవరూ ఇది కావాలా వద్దా అని అడగలేదు. ఇప్పుడు మూడు జిల్లాల రైతుల ఫోన్లు ఎలా మోగాలో చెప్పమంటున్నారు.

మొదటి కంపెనీవాళ్లు మనిషి లేకుండా మాట్లాడే గొంతు తెచ్చారు. చక్కని తెలుగు. "దయచేసి మీ సమస్య స్వభావాన్ని వివరించండి" అంది. మధులత ఫోను దగ్గరికి వంగి, "మోటారు కూస్తాండాది గానీ నీల్లు యెత్తల్యా" అని చెప్పింది. ఆ గొంతు కాసేపు ఆగి మళ్లీ స్వభావాన్ని వివరించమంది. గదిలో అందరూ నవ్వారు, తెచ్చినవాళ్లు తప్ప. రెండోవాళ్లది ఒకటి నొక్కు, రెండు నొక్కు రకం. ఎనిమిది దాకా ఉన్నాయి. "చేను ఎండిపోతాండేవాడు ఎనిమిదో నంబరు దాకా యాడ ఉంటాడు సార్" అని వాళ్లనూ పంపేసింది.

మూడో కంపెనీ తరఫున శ్రీకాంత్ అనే అతను వచ్చాడు. కర్నూలు అబ్బాయే, హైదరాబాదులో పనిచేస్తాడు. అతని సాఫ్ట్‌వేర్‌లో ఫోను మోగగానే తెర మీద పేరు కనిపిస్తుంది, ఇంతకుముందు ఏం ఫిర్యాదు చేశారో కనిపిస్తుంది. మిస్డ్ కాల్ వస్తే అదే తిరిగి చేస్తుంది. మధులత మనసు అక్కడ పడింది. మన రైతులు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు కదా. తను ఒక ఫోనులో మాట్లాడుతుండగా ఇంకో ఫోనుకు వచ్చి పోయిన ఆ ఒక్క రింగులు ఎన్నో ఆమెకే తెలుసు.

శ్రీకాంత్ కాగితం తీసుకుని ప్రశ్నలు అడిగాడు.

"మేడమ్, కస్టమర్‌ను దేంతో గుర్తుపట్టల్ల? పేరా, ఫోన్ నంబరా, ఇంకేమన్నానా?"

"ఫోన్ నంబరే."

"ఒకే నంబరు నుంచి పది దినాల లోపల మళ్లీ ఫోన్ వస్తే కొత్త ఫిర్యాదు రాయల్లనా, పాతదాంట్లోనే కలపల్లనా?"

"పాతదాంట్లో కలుపు. కొందరు దినానికి నాలుగుమార్లు చేస్తారు, మెకానిక్‌లు ఒక చోటికే నాలుగుమార్లు ఉరకల్లా?"

రెండు ప్రశ్నలూ, రెండు జవాబులూ కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది. శ్రీకాంత్ టిక్కు పెట్టుకుని తర్వాతి దానికి పోయాడు.

ఫిబ్రవరిలో మొదలైంది. బాగా నడిచింది కూడా, అది ఒప్పుకోవాలి. ఎవరూ ఎత్తకుండా కాల్స్ ఆగిపోవడం తప్పింది. రెడ్డి మధులతను ఆ ఇద్దరు అమ్మాయిలకూ పెద్దను చేశాడు. ఆమె ఎదురుగా పెద్ద తెర, అందులో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పూర్తయ్యాయి, అన్నీ పచ్చగా కనిపిస్తాయి. వందకు తొంభై ఎనిమిది పూర్తి. ఆ పచ్చరంగు చూసుకుని ఆమె మురిసిపోయింది. ఫోను ఎత్తడం తగ్గించి తెర చూడడం ఎక్కువ చేసింది. నోట్‌బుక్కును బీరువాలో పెట్టేసింది.

ఇక నల్లగుట్టపల్లె. పులివెందుల దాటి లోపలికి, రాళ్లగుట్ట వెనక ఉంటుంది. చీనీ, అంటే బత్తాయి తోటల ఊరు. అక్కడ లేవి అని ఒక ఎలక్ట్రీషియన్. ముందు తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు కింద వైరింగ్ పని చేశాడు, తర్వాత ఊళ్లోనే ఉండిపోయాడు. ఊళ్లో ఎవరి మోటారు ఆగినా ముందు లేవి చూస్తాడు. గ్యారంటీలో ఉన్న మోటారైతే విప్పడు, సీలు తీస్తే కంపెనీవాళ్లు ఒప్పుకోరు. తన ఫోను తీసి మధులతకు కొడతాడు, ఒక్కోసారి మోటారు గలాయన చేతికే ఇచ్చి మాట్లాడిస్తాడు. ఊరిలో ముసలివాళ్ల ఫోన్లు మోగడానికే గానీ చేయడానికి పనికిరావు, రీచార్జి చేయించరు. "లేవీ, ఆ యమ్మికి ఒక మాట చెప్పబ్బా" అంటారు. అలా పదకొండు బోర్లకు ఒక్క నంబరు.

పదహారేళ్లలో లేవి ఎన్నిసార్లు చేసి ఉంటాడో. "అక్కా, చంద్ర మోటారు", "అక్కా, తిమ్మయ్య మామ మోటారు" అని చెప్పేవాడు, ఆమె రాసుకునేది. నంబరు ఎవరిదైతేనేం.

ఏప్రిల్‌లో ఒక సోమవారం లేవి చంద్ర మోటారు గురించి ఫోన్ చేశాడు. బుధవారం తిమ్మయ్య మోటారు కాలిపోయింది, మళ్లీ చేశాడు. ఓర్వకల్లులో కూర్చున్న కొత్త అమ్మాయి ఎత్తింది. తెర మీద "లేవి, నల్లగుట్టపల్లె, మోటారు కాలింది, మెకానిక్ వస్తున్నాడు" అని ముందే ఉంది. ఆమె నొక్కింది. అది పాతదాంట్లో కలిసిపోయింది. శుక్రవారం మెకానిక్ వచ్చి చంద్ర మోటారు మార్చి, పని అయిపోయిందని నొక్కి వెళ్లిపోయాడు. తెర పచ్చబడింది.

లేవి మళ్లీ చేశాడు. "పని అయిపోయిందని ఉందన్నా" అన్నారు.

"అది చంద్రది. నేను చెప్పేది తిమ్మయ్య మామది. మధులతక్క ల్యాదా?"

"యెవరు ఖాళీగా ఉంటే వాళ్లకు వస్తుందన్నా ఫోను. నేను రాస్తాండా, వస్తారు."

ఆ అమ్మాయి నిజంగానే రాసింది. అదీ ఆ పచ్చటి దాంట్లోకే పోయింది. లేవి నాలుగుసార్లు చేశాడు. నాలుగూ అక్కడికే, ప్రతి ఫోనుతోనూ ఆ పది దినాల లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

తిమ్మయ్య మూడెకరాల చీనీ తోట ఆరేళ్లది. మూడు వందల చెట్లు. నిమ్మకాయంత కాయలు పట్టి ఉన్నాయి. వేరే మెకానిక్‌ను పిలుద్దామని చంద్ర అన్నాడు. తిమ్మయ్య ఒప్పుకోలేదు. "ఆ యమ్మికి చెప్పినాం గదప్పా. పదహారేండ్లలో యెప్పుడన్నా తప్పిందా? రేపొస్తారు." రోజూ అదే మాట. ట్యాంకరు నీళ్లు తెచ్చి రెండు సాళ్లకు పోశాడు, మిగతావి చూస్తూ కూర్చున్నాడు. పద్దెనిమిది రోజులు.

పంతొమ్మిదో రోజు ఆయన భార్య అంజనమ్మ బస్సెక్కింది. ముద్దనూరులో దిగి ఇంకో బస్సు మారి, పదకొండు గంటలకు కంపెనీకి చేరింది. చేతిలో గుడ్డసంచి. మధులతను ఆమె ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు.

"మధులత అంటే యెవరు?"

"నేనే అమ్మా. కూర్చో. యాడినుంచి?"

"నల్లగుట్టపల్లె. తిమ్మయ్య ఇంటిదాన్ని." సంచి టేబుల్ మీద వంచింది. ముడుచుకుపోయిన కాయలు దొర్లాయి. "నువ్వు పని మానేసినావని లేవి అంటాండె. ఉండావు గదా ఈడనే."

మధులత తెరలో తిమ్మయ్య అని వెతికింది. లేదు. నల్లగుట్టపల్లె అని కొట్టింది. ఒకటే పేరు వచ్చింది, లేవి. దాని కింద అన్నీ పచ్చగా ఉన్నాయి. రికార్డయిన కాల్ ఒకటి పెట్టి విన్నది. "నేను చెప్పేది తిమ్మయ్య మామది. మధులతక్క ల్యాదా?" లేవి గొంతే. ఇంకోసారి పెట్టి విన్నది.

"యెన్నాళ్లాయె అమ్మా?"

"పద్దెనిమిది దినాలు పోయినాయి. నీకు చెప్తే చాలనుకుంటిమి పాపా. అందుకే ఇంగొకర్ని పిలవల్యా." అంజనమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది.

ఆ మధ్యాహ్నమే కొత్త మోటారు వ్యానులో ఎక్కించి, మెకానిక్‌తో పాటు మధులత కూడా కూర్చుంది. పదహారేళ్లలో ఒక్క చేను కూడా ఆమె కంటితో చూడలేదు. చింతమాను చేను, గుట్టకింది చేను అని వందసార్లు పలికింది గానీ చింతమాను లేదక్కడ, ఎప్పుడో కొట్టేశారు. తిమ్మయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. చెట్ల కింద కాయలు రాలి ఎండుతున్నాయి, కాలు పెడితే పొడిగా చితికాయి.

"వచ్చినావా" అన్నాడు తిమ్మయ్య. దగ్గాడు. పదహారేళ్లుగా ఫోనులో విన్న దగ్గే.

"తప్పయిపాయ మామా."

"నీ గొంతు ఇనపడల్యా నాకు. అందుకే బయపడినా, నీకేమన్నా అయిందేమోనని."

సాయంత్రానికి పైపులు దించి మోటారు వేశారు. నీళ్లు వచ్చాయి. ఎవరూ సంతోషపడలేదు. లేవి మేకు తీసుకుని ఒక్కో చెట్టు బెరడు గీకుతూ పోయాడు. లోపల పచ్చగా ఉంటే బతుకుతుంది, గోధుమరంగుంటే పోయినట్టే. మధులత కూడా ఇంకో మేకు అడిగి తీసుకుని వెనకటి సాళ్లు గీకింది. చీకటి పడేవరకు గీకారు. డెబ్భై రెండు చెట్లు పోయాయి. మిగిలినవి బతికినా ఈ ఏడు కాయ లేదు. ఆరేళ్ల చెట్టు పోయిన చోట మళ్లీ మొక్క పెడితే కాయ చూడడానికి ఎన్నేళ్లో లెక్క వేసుకునే వయసు కాదు తిమ్మయ్యది.

మరునాడు రెడ్డి మండిపడుతున్నాడు. "ఆ శ్రీకాంత్‌గాన్ని పిలువు. ఆ ఓర్వకల్లు పిల్లను తీసేయ్. తీసుకొచ్చింది చెత్త."

"సాఫ్ట్‌వేర్ తప్పు గాదన్నా. ఆ పిల్ల తప్పూ గాదు. అడిగినప్పుడు ఫోన్ నంబరు అని చెప్పింది నేను. మనిషిని గొంతుతో పట్టేదాన్ని నేను, నంబరుతో గాదు. నేనేం చేస్తాండానో నాకే తెలియల్యా."

రెడ్డి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకూ చీనీ తోట ఉంది.

"ఇప్పుడేం చేయల్లంటావు?"

"ఇంగోమారు చూస్తా. మూడిటినీ. ఈడ గాదు, నల్లగుట్టపల్లెలో."

నిజంగానే మూడు కంపెనీలవాళ్లనూ లేవి ఇంటి వసారాకు రప్పించింది. ఇద్దరు వచ్చారు, ఎనిమిది నొక్కులవాళ్లు అంత దూరం రాలేమన్నారు. ఐదుగురు రైతుల్ని కూర్చోబెట్టి, ఒక్క లేవి ఫోనుతోనే ఒకరి తర్వాత ఒకరిని ఫిర్యాదు చేయమంది. స్వభావం వివరించమనే గొంతు ఐదుగురినీ ఒకే మనిషిగా రాసుకుంది. శ్రీకాంత్‌ది కూడా అదే చేసింది. అతను లాప్‌టాప్ మూయబోయి, ఆగాడు.

"మేడమ్, దీంట్లో ఫోన్ నంబరు బదులు మోటారు నంబరు పెట్టుకోవచ్చు. మొదటినుంచీ ఉండాది ఆ సౌకర్యం. మీరు ఫోన్ నంబరన్నారు, నేను అదే పెట్టినా. ఇంగొక మాట అడిగి ఉండల్ల నేను."

లేవి అన్నాడు. "మోటారు నంబరంట. మోటారు ఆరు వందల అడుగుల కింద ఉండాది సామీ. దిగి చూసొస్తావా?"

అందరూ నవ్వారు. మధులత నవ్వలేదు. వసారా గోడకున్న, మోటారు ఆన్ చేసే స్టార్టర్ డబ్బా వైపు చూస్తోంది. ఏ బోరుకైనా నేల పైన, అందరికీ కనిపించేలా ఉండేది అదొక్కటే. ఆ నంబరు డబ్బా మీద పెయింటుతో రాస్తే ఎవరి ఫోను నుంచి చేసినా అది చదివితే చాలు. శ్రీకాంత్ అక్కడే కూర్చుని మార్చాడు. తిమ్మయ్య తోట గట్టు మీదికి పోయి మళ్లీ పరీక్ష పెట్టారు. ఐదు ఫిర్యాదులు, ఐదు వేరువేరుగా నిలబడ్డాయి.

అదే సాఫ్ట్‌వేర్ ఉండిపోయింది. కానీ నంబర్లు రాసేదెవరు? రెండున్నర వేల డబ్బాలు, మూడు జిల్లాలు. మెకానిక్‌లు వేసవిలో ఊపిరి తిప్పుకోరు.

"నేను పోతా" అంది మధులత.

"ఫోన్ల కాడ యెవరుంటారు?" అన్నాడు రెడ్డి.

"యెవరైనా ఉండొచ్చు గదన్నా ఇప్పుడు. అందుకే గదా తెచ్చింది."

ఆ మాట అన్నాక ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుంది. లోపల ఎవరో ఫోను ఎత్తి "చెప్పండి" అంటున్నారు. ఎవరితో మాట్లాడుతున్నారో ఆమెకు తెలియదు.

మొదటి నంబరు తిమ్మయ్య డబ్బా మీదే రాసింది. పాత రసీదు చూసి, పసుపు పెయింటుతో, అరచేయంత అంకెలు. అంజనమ్మ పెయింటు డబ్బా పట్టుకుంది. తిమ్మయ్య దగ్గరికొచ్చి ఒక్కో అంకె మీదుగా వేలు తిప్పాడు, తడి అంటకుండా.

"ఈ నంబరు చెప్తే నువ్వు పలుకుతావా పాపా?"

"నేను పలకను మామా. యెవరో ఒకరు పలుకుతారు. నీ బోరని వాళ్లకు తెలుస్తాది. మనిషొస్తాడు."

"నువ్వే పలికితే బాగుండు" అన్నాడాయన. అని, గట్టు వైపు నడిచాడు.

ఇప్పటికి పదమూడు వందల డబ్బాలు అయ్యాయి. కంపెనీ స్కూటరు మీద తిరుగుతోంది, ముందు పెయింటు డబ్బా, వెనక రసీదుల కట్ట. మోకాలు నొప్పి అని ఎవరికీ చెప్పదు. పొద్దున తాగిన టీతో మధ్యాహ్నం దాకా ఉంటుంది. ప్రతి ఊళ్లో మూడు ప్రశ్నలు అడుగుతుంది. మోటారు ఎవరిది, ఫోను ఎవరిది, వాళ్లు ఊళ్లో లేకపోతే ఎవరి ఫోను? మూడోది ఆమెను ఎవరూ అడగమనలేదు. నల్లగుట్టపల్లె వైపు పోయినప్పుడల్లా ఆ డెబ్భై రెండు గుంతల దగ్గర ఆగి వస్తుందని లేవి అంటాడు. తిమ్మయ్య వాటిలో సగానికే మొక్కలు పెట్టాడు.

కడప, కర్నూలు పల్లెల్లో చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట. పసుపు పెయింటు అంటిన చేతులతో ఒక ఆడమనిషి మీ చేని గట్టు మీదికి వస్తే, ఎవరో సర్వేకు వచ్చారనుకుని కుక్కల్ని వదలకండి. నీడకు పిలిచి మంచినీళ్లివ్వండి, అన్నం తిన్నావా అని అడగండి, తిన్నానంటుంది, నమ్మకండి. మోకాలు ఎలా ఉందో కూడా అడగండి. వారం రోజులు మీ వైపు ఆమె కనిపించకపోతే, ఎర్రగుంట్లకు ఒక ఫోన్ చేసి మధులత ఎట్లుందని కనుక్కోండి.